హిందుస్థాన్ షిప్‌యార్డు చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ షిప్‌యార్డు మాట వస్తే చాలు, ప్రతిసారీ అవే అనుమానాలు. అణు జలాంతర్గామి అరిహంత్ అక్కడే కట్టారటగా? నెహ్రూ గారు మొదలుపెట్టారటగా? ఎప్పుడూ నష్టాలేనటగా? నేను మల్కాపురంలో పెరిగాను, మా పెదనాన్న గారు యార్డులో ప్లేటర్‌గా, అంటే ఉక్కు పలకల పనివాడిగా చేసి రిటైరయ్యారు. అందుకని ఈ ప్రశ్నలు నాకు పెళ్లి భోజనాల దగ్గర కూడా తప్పవు. చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

## ముందు పేర్ల గందరగోళం

షిప్‌యార్డు, డాక్‌యార్డు, పోర్టు అన్నీ ఒకటే కదా?

కాదు. పక్కపక్కనే ఉన్నా యజమానులు వేరు, పని వేరు. పోర్టు సరుకు ఎక్కించి దించే చోటు. నేవల్ డాక్‌యార్డు నౌకాదళానిదే, తన ఓడల్ని తానే బాగుచేసుకునే స్థావరం. షిప్‌యార్డు అంటే హిందుస్థాన్ షిప్‌యార్డ్ లిమిటెడ్, కేంద్ర ప్రభుత్వ కంపెనీ. ఇది ఆర్డరు తెచ్చుకోవాలి, ధర చెప్పాలి, కట్టి అప్పగించాలి, ఆలస్యమైతే జరిమానా కట్టుకోవాలి. వీటికి తోడు షిప్ బిల్డింగ్ సెంటర్ అని నాలుగోది ఉంది. అణు జలాంతర్గాముల పని అక్కడ జరుగుతుంది. ఊళ్లో మాత్రం డాక్‌యార్డులో పనిచేసేవాళ్లనీ, షిప్‌యార్డులో పనిచేసేవాళ్లనీ "యార్డులో చేస్తున్నాడు" అనే అంటారు. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

అరిహంత్, విక్రాంత్, బీచ్‌లో ఉన్న కురుసుర... ఇవన్నీ ఇక్కడ కట్టినవేనా?

మూడూ కాదు. అరిహంత్ విశాఖలోనే పుట్టింది, 2009 జులై 26న నీళ్లలోకి వచ్చింది, కానీ అది షిప్ బిల్డింగ్ సెంటర్‌లో. కొత్త విమానవాహక నౌక విక్రాంత్‌ను కొచ్చిన్ షిప్‌యార్డు కట్టింది. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. షిప్‌యార్డువాళ్లు కట్టిన ఓడలు చాలానే ఉన్నాయి, చేయని వాటి గొప్ప వాళ్లకి కట్టబెట్టాల్సిన పనిలేదు.

ఆ ఏరియాని సింధియా అని ఎందుకంటారు? గ్వాలియర్ రాజులకీ వైజాగ్‌కీ ఏం సంబంధం?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. సంబంధం ఉంది, కాకపోతే చాలా చుట్టు తిరిగి వస్తుంది. 1891లో ఇంగ్లండ్‌లో ఎంప్రెస్ ఆఫ్ ఇండియా అనే ప్రయాణికుల ఓడ కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక గ్వాలియర్ మహారాజు, అంటే సింధియా వంశస్థుడు, దాన్ని కొని ఆసుపత్రి ఓడగా మార్చి లాయల్టీ అని పేరు పెట్టారు. యుద్ధం ముగిశాక ఆ ఓడని వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ లాంటి బొంబాయి వ్యాపారులు కొన్నారు. 1919లో వాళ్లు పెట్టిన కంపెనీకి సింధియా స్టీమ్ నావిగేషన్ అని పేరు వచ్చింది అలాగే.

1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కి బయల్దేరింది. మన దేశంలో ఏప్రిల్ 5ని జాతీయ సముద్రయాన దినంగా జరుపుకునేది అందుకే. అదే కంపెనీ తర్వాత విశాఖలో ఓడల కార్ఖానా పెట్టింది. కంపెనీ పేరు గేటుకి, గేటు పేరు బస్టాపుకి, బస్టాపు పేరు పేటకి అంటుకున్నాయి. యార్డు సింధియా చేతుల్లోంచి పోయి అరవై ఏళ్లు దాటింది. ఆటోవాడు మాత్రం ఇప్పటికీ "సింధియా, సింధియా" అనే పిలుస్తాడు.

## పుట్టుక: 1941 నుంచి 1948 దాకా

షిప్‌యార్డుని మొదలుపెట్టింది నెహ్రూనా?

కాదు, ప్రభుత్వమే కాదు. షోలాపూర్‌కి చెందిన వాల్‌చంద్ హీరాచంద్ అనే పారిశ్రామికవేత్త మొదలుపెట్టారు. బెంగళూరులో విమానాల కార్ఖానా పెట్టడంలో ముందున్నది కూడా ఈయనే. యార్డుకి 1941 జూన్ 21న శంకుస్థాపన చేసింది బాబూ రాజేంద్రప్రసాద్. అప్పటికి ఆయన రాష్ట్రపతి కాదు, కాంగ్రెస్ నాయకుడు. బ్రిటిష్ పాలనలో, యుద్ధం నడుస్తుండగా, ఒక భారతీయ కంపెనీ పనికి వైస్రాయిని కాకుండా కాంగ్రెస్ నాయకుణ్ణి పిలవడం చిన్న విషయం కాదు. నెహ్రూ గారి పేరు ఎందుకు వినిపిస్తుందంటే, తొలి ఓడని 1948లో నీళ్లలోకి వదిలింది ఆయన కాబట్టి.

బొంబాయి వ్యాపారి అంతదూరం వచ్చి వైజాగ్‌లో ఎందుకు పెట్టాడు?

మొదట అనుకున్నది కలకత్తా. హుగ్లీ ఒడ్డున స్థలం కోసం అడిగితే అక్కడి పోర్టు అధికారులతో బేరం కుదరలేదు. అప్పటికి విశాఖ ఓడరేవు కొత్తది. 1933 అక్టోబర్ 7న తొలి ఓడ లోపలికి వచ్చింది. ఆ ఓడ పేరు జలదుర్గ, అదీ సింధియా కంపెనీదే. అంటే ఈ రేవు వాళ్లకి ముందే తెలుసు.

డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, తుపాను అలలు నేరుగా తగలని లోపలి రేవు. ఖాళీ నేల. 1931లో రాయ్‌పూర్ వైపు రైలు మార్గం పూర్తయింది, ఉక్కూ బొగ్గూ దొరికే ప్రాంతాలతో లింకు ఉంది. ఓడలు కట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఇప్పుడు అందరూ "వైజాగ్‌కి సహజ రేవు" అంటారుగానీ, లోపలి రేవు పూర్తిగా తవ్వి తీసినదే. ముఖద్వారం దగ్గర అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని రాళ్లతో నింపి ముంచేశారు.

1942లో జపాన్ బాంబులు వేసింది షిప్‌యార్డు మీదేనా?

రేవు మీద. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద దాడిచేశాయి. రేవు పక్కనే పునాదులు లేస్తున్న యార్డు ఉంది. పట్నంలో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పోయారు, కూలీలు దొరక్క పని ఆగింది. కొన్ని యంత్రాల్ని బొంబాయికి తరలించారు. అసలే యుద్ధకాలం, విదేశాల నుంచి సామాను రావాలంటే బ్రిటిష్ ప్రభుత్వం దయ ఉండాలి. ఇంగ్లిష్ ఓడల కంపెనీలకి పోటీ వచ్చే యార్డు మీద ఆ ప్రభుత్వానికి పెద్ద ప్రేమ లేదు. యుద్ధం అయ్యాకే, 1946లో పని మళ్లీ ఊపందుకుంది.

ఆ దాడి గుర్తు చూడాలంటే బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంకి వెళ్లండి. ఆ రోజు పడి పేలని బాంబు ఒకటి అక్కడ పెట్టారు.

జల ఉష ఎందుకంత ముఖ్యం?

స్వతంత్ర భారతదేశంలో కట్టి నీళ్లలోకి దించిన తొలి పెద్ద స్టీమర్ అది. మోసే బరువు 8,000 టన్నులు. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా జలప్రవేశం జరిగింది. అంతకుముందు మన దగ్గర ఓడలు కట్టేవాళ్లు లేక కాదు. కోరంగిలో, కాకినాడ దగ్గర కొయ్య ఓడలు కట్టే కుటుంబాలు ఎప్పటినుంచో ఉన్నాయి. కానీ ఉక్కు పలకలతో ఇంత పెద్ద సముద్రపు ఓడని మన చేతులతో కట్టడం కొత్త. ఆ తర్వాత జలప్రభ, ఆ వరసలో మరిన్ని "జల" పేర్లు వచ్చాయి. సింధియా ఓడలు చాలావాటికి అదే ఇంటిపేరు.

కంప్యూటర్లు లేని రోజుల్లో అంత వంపులున్న ఓడని ఎలా గీశారు?

నేల మీద. చిన్నప్పుడు పెదనాన్న గారు చెబితే కథలనుకున్నాను, తర్వాత తెలిసింది నిజమని. కాగితం మీద ఓడ గీతలు చాలా చిన్నగా ఉంటాయి. ఆ లెక్కలో వెంట్రుకవాసి తేడా వచ్చినా అసలు ఓడలో పలకకీ పలకకీ మధ్య వేలు పట్టేంత సందు వస్తుంది. అందుకని ఓడల యార్డుల్లో లాఫ్ట్ అని ఒక పెద్ద హాలు ఉంటుంది, నున్నటి చెక్క నేలతో. దాని మీద ఓడ వంపుల్ని అసలు సైజులో గీసేవారు. సన్నని చెక్క బద్దని మేకుల మధ్య వంచి, దాని వెంట గీత లాగేవారు. బద్ద సాఫీగా వంగితే వంపు సరైనట్టు, ఎక్కడైనా ఎగిసిందంటే లెక్క తప్పినట్టు.

ఆ గీతల మీద పలచని చెక్కలు పరిచి అచ్చులు కోసేవారు. అచ్చుని ఉక్కు పలక మీద పెట్టి సుద్దతో గీసి, సుత్తీ పంచూ పట్టుకుని గీత వెంట చుక్కలు కొట్టేవారు, సుద్ద చెరిగినా గుర్తు పోకుండా. తర్వాత కోత, తర్వాత రోలర్ల మధ్య వంపు. "చెప్పులతో లాఫ్ట్‌లోకి వస్తే ఊరుకునేవాళ్లు కాదురా" అని పెదనాన్న గారు ఇప్పటికీ అంటారు, గుడి గురించి చెప్పినట్టు. ఇప్పుడు ఇదంతా కంప్యూటర్ చేస్తుంది, కోసే యంత్రమే గీతని చదువుకుంటుంది.

అంత బరువున్న ఓడని నీళ్లలోకి ఎలా దింపుతారు? క్రేన్‌తోనా?

ఏ క్రేనూ ఎత్తలేదు. రెండు పద్ధతులు ఉన్నాయి. పాతది స్లిప్‌వే. నీటివైపు కొంచెం వాలుగా ఉండే గట్టు మీద, దిమ్మల పైన ఓడ కడతారు. జలప్రవేశం రోజు బరువుని దిమ్మల మీద నుంచి జారే చట్రం మీదికి మారుస్తారు, కింద కొవ్వూ గ్రీజూ దట్టంగా పూస్తారు. కొబ్బరికాయ కొట్టి, పట్టి ఉంచిన మీట వదలగానే మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. రెండు మూడు క్షణాల తర్వాత ఓడ కదులుతోందో మనమే కదులుతున్నామో తెలియదు. ఆ తర్వాత ఎవరాపినా ఆగదు.

రెండోది బిల్డింగ్ డాక్. పెద్ద గొయ్యిలో ఓడ కట్టి, గేటు తెరిచి నీళ్లు వదిలితే ఓడ తనంతట తనే తేలుతుంది. విశాఖ యార్డులో స్లిప్‌వేలు మూడు ఉన్నాయి, పైకప్పుతో మూసిన బిల్డింగ్ డాక్ కూడా ఉంది. అందులో 80,000 టన్నుల సరుకు మోసే ఓడ దాకా కట్టవచ్చు. నీళ్లలోకి వచ్చినంత మాత్రాన ఓడ పూర్తయినట్టు కాదు. అప్పటికి అది తేలే డబ్బా. యంత్రాలు, వైర్లు, పైపులు, గదులు జెట్టీ దగ్గర పెడతారు. నేవీ ఓడలకైతే ఆ పనికే ఏళ్లు పడుతుంది.

## ప్రభుత్వం చేతికి: 1952 నుంచి

ప్రభుత్వం సింధియా దగ్గర బలవంతంగా లాక్కుందా?

లాక్కోలేదు, ఆదుకుంటూ ఆదుకుంటూ యజమాని అయింది. ఇక్కడ కట్టే ఓడ ఖరీదు ఇంగ్లండ్‌లో కొనే ఓడ కంటే ఎక్కువ పడేది. ఎక్కువ పెట్టి ఎవరు కొంటారు? ఆర్డర్లు లేక యార్డు మూతపడే స్థితికి వస్తే ప్రభుత్వమే ఓడలు ఆర్డరిచ్చి, ధరలో తేడా తాను భరించింది. ఇలా ఎన్నాళ్లని? 1952 జనవరిలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ లిమిటెడ్ అనే కంపెనీ ఏర్పడింది. మూడింట రెండు వంతులు ప్రభుత్వానివి, ఒక వంతు సింధియాది. మార్చి 1 నుంచి యార్డు ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఓడలు కట్టే ఒక ఫ్రెంచ్ కంపెనీని సాంకేతిక సలహాకి పెట్టుకున్నారు. 1961 జులైలో సింధియా దగ్గర మిగిలిన వాటాలు కూడా కొనేసి పూర్తిగా ప్రభుత్వ సంస్థ చేశారు. వాల్‌చంద్ అది చూడలేదు, 1953 ఏప్రిల్‌లోనే పోయారు.

నేవీకి ఓడలు కట్టడం ఎప్పుడు మొదలైంది?

చాలామంది 2010 తర్వాతే అనుకుంటారు. కాదు. సముద్రం అడుగుని కొలిచి పటాలు గీసే సర్వే ఓడ ఐఎన్ఎస్ దర్శక్ ఇక్కడే తయారై 1964 డిసెంబర్‌లో నౌకాదళంలో చేరింది. దాని పేరే పెట్టుకున్న ఇప్పటి దర్శక్ వేరు, అది గోవాలో కట్టింది.

తర్వాత చెప్పుకోవాల్సింది సుకన్య తరగతి గస్తీ ఓడలు. మొదటి మూడూ కొరియాలో కట్టించారు. మిగతా నాలుగూ, సావిత్రి, సరయు, శారద, సుజాత, 1990ల మొదట్లో విశాఖ నుంచి వచ్చాయి. సరయుని 2000లో శ్రీలంకకి ఇచ్చారు, అక్కడ దాని పేరు సయుర. సైన్యాన్నీ ట్యాంకుల్నీ ఒడ్డుకి చేర్చే ఐఎన్ఎస్ ఘరియాల్ కథ ఇంకో రకం. ఒళ్లు ఇక్కడ కట్టారు, లోపలి అమరిక కలకత్తా గార్డెన్ రీచ్‌లో పూర్తిచేశారు, 1997లో కమిషన్ అయింది, అంటే నౌకాదళంలో చేరింది. పెళ్లి ఒక ఊళ్లో, విందు ఇంకో ఊళ్లో అన్నట్టు.

సరుకు ఓడలు, నేవీ ఓడలు తప్ప ఇంకేం కట్టలేదా?

కట్టారు. ఓఎన్‌జీసీ కోసం సముద్రంలో చమురు బావులు తవ్వే ఓడ సాగర్ భూషణ్ 1987లో ఇక్కడి నుంచే వెళ్లింది. కోస్ట్‌గార్డుకి రాణుల పేర్లతో అయిదు గస్తీ ఓడలు కట్టారు: అబ్బక్క, అవంతీబాయి, దుర్గావతి, గైడిన్లియు, రాస్‌మణి. మొదటిది 2012లో, చివరిది 2018లో చేరాయి. టగ్గుల్లాంటి చిన్నవి కూడా కలుపుకుంటే మొత్తం రెండు వందల దాకా వస్తాయి, రిపేరు చేసినవి రెండు వేల దాకా.

## నష్టాల దశాబ్దాలు

ఇన్ని ఓడలు కట్టినా ఎప్పుడూ నష్టాలే ఎందుకు? కార్మికులు పనిచెయ్యకనా?

ఈ మాట వింటే మా ఇంట్లో ఇప్పటికీ గొడవ అవుతుంది. కార్మికుల తప్పు అసలు లేదని నేను అనను. యూనియన్ తగాదాలు, ఓవర్‌టైం అలవాట్లు అన్నీ ఉన్నాయి. కానీ అసలు జబ్బు వేరే.

ఓడ ధర యార్డు చేతిలో ఉండేది కాదు. అంతర్జాతీయ మార్కెట్‌లో ఆ ఓడ ఎంతకి దొరుకుతుందో దాన్నిబట్టి ధర కట్టేవారు, మిగతాది ప్రభుత్వం సబ్సిడీగా ఇచ్చేది. ఆ సబ్సిడీ వచ్చేలోగా జీతాలకీ ఉక్కుకీ అప్పు తేవాలి. అప్పుకి వడ్డీ. ఇంజిన్లూ గేర్లూ బయటి నుంచి రావాలి. అవి ఆలస్యమైతే ఓడ ఆలస్యం, ఓడ ఆలస్యమైతే జరిమానా. జరిమానా కట్టడానికి మళ్లీ అప్పు.

ఇంకొకటి. కొరియా యార్డు ఒకే డిజైన్‌లో ఇరవై ఓడలు కడుతుంది. మూడో ఓడ నుంచి వెల్డర్ కళ్లు మూసుకుని చేస్తాడు. ఇక్కడ ఈ ఏడు సరుకు ఓడ, వచ్చే ఏడు గస్తీ ఓడ, ఆపైన డ్రిల్లింగ్ ఓడ. చెయ్యి తిరిగేలోపు పని మారిపోతుంది. ఓడలు కట్టడానికి ఇచ్చే సబ్సిడీ 2007 ఆగస్టుతో ఆగింది. మరుసటేడు ప్రపంచమంతా మాంద్యం, సరుకు ఓడలు కొనేవాడే లేడు. అప్పటికే వంగిన నడుం మీద పడిన దెబ్బ అది.

పక్కనే స్టీల్ ప్లాంట్ ఉంది కదా, ఉక్కు పలకలు అక్కడి నుంచి తెచ్చుకుంటే చవక కదా?

విశాఖవాళ్లు కూడా పొరబడే విషయం ఇది. విశాఖ స్టీల్ ప్లాంట్ ఊచలు, వైర్ రాడ్లు, కడ్డీల వంటి పొడవాటి సరుకు చేస్తుంది. ఓడకి కావలసింది వెడల్పాటి పలకలు, ఆ మిల్లు అక్కడ లేదు. యుద్ధనౌకలకి వాడే ప్రత్యేకమైన ఉక్కు పలకలు కేంద్ర ప్రభుత్వ ఉక్కు కంపెనీ సెయిల్ కర్మాగారాల నుంచి, చాలా దూరం నుంచి వస్తాయి. గాజువాకలో ఉక్కు పక్కన ఇల్లు కట్టుకుని రూర్కెలా పలకల కోసం ఎదురుచూడటం అన్నమాట.

ఒక సబ్‌మెరైన్‌ని తొమ్మిదేళ్లు రిపేరు చేశారట, నిజమేనా?

నిజమే. ఐఎన్ఎస్ సింధుకీర్తి 2006లో పెద్ద రీఫిట్‌కి, అంటే పూర్తి మరమ్మతుకి వచ్చింది, 2015లో గానీ బయటికి వెళ్లలేదు. రష్యాలో తయారైన జలాంతర్గామిని పూర్తిగా విప్పి, పైపులూ కేబుళ్లూ మార్చి, కొత్త ఆయుధ వ్యవస్థలు పెట్టి మళ్లీ మూయడం ఈ యార్డుకి ఆ స్థాయిలో కొత్త. విప్పాకగానీ లోపల ఏది తుప్పు పట్టిందో తెలియదు, తెలిశాక ఆ భాగం రష్యా నుంచి రావాలి. సబ్‌మెరైన్ యార్డులో ఉండగానే పనివాళ్ల పిల్లలు డిగ్రీలు పూర్తిచేశారని ఊళ్లో జోకులు నడిచాయి. అయితే ఆ తొమ్మిదేళ్ల చదువు వృథా పోలేదు. తర్వాత వచ్చిన సింధువీర్ అనే జలాంతర్గామి పనికి అంతకాలం పట్టలేదు. 2020లో ఆ జలాంతర్గామిని మన ప్రభుత్వం మయన్మార్‌కి అప్పగించింది. వాళ్ల దేశానికి అదే తొలి జలాంతర్గామి.

## రక్షణ శాఖ కిందికి: 2010 తర్వాత

రక్షణ శాఖకి ఎందుకు మార్చారు? మార్చితే ఏమొచ్చింది?

2010 ఫిబ్రవరి 22న యార్డు నౌకాయాన శాఖ నుంచి రక్షణ శాఖకి మారింది. సరుకు ఓడల వ్యాపారం పడిపోయింది, మరోవైపు నేవీకి ఓడలు కావాలి, అణు జలాంతర్గాముల పని జరిగే చోటు పక్కనే ఉంది. ముంబయి మజగావ్, కోల్‌కతా గార్డెన్ రీచ్, గోవా షిప్‌యార్డు అప్పటికే రక్షణ శాఖ కింద ఉన్నాయి, ఇది నాలుగోది అయింది.

మారిన మర్నాడే డబ్బులు రాలలేదు. పాత అప్పులు, పాత ఆలస్యాలు అలాగే ఉన్నాయి. ఉభయచర యుద్ధనౌకలు రెండు ఇస్తామన్నారు, ఆ పథకమే చివరికి ఆగిపోయింది. 2015-16 నుంచి లాభాల ముఖం చూసింది, ఈమధ్య లాభాల్లో నడిచే ప్రభుత్వ సంస్థలకిచ్చే మినీరత్న హోదా కూడా వచ్చింది. ఆర్డరు ఇచ్చేవాడు ఎవరో తేలడమే అన్నిటికంటే పెద్ద మార్పు. పుట్టినప్పటి నుంచి యార్డుని ఏడిపించిన ప్రశ్న అదొక్కటే కాబట్టి.

పేరు లేకుండా రహస్యంగా ఒక ఓడ కట్టారట?

కొన్నేళ్లపాటు దానికి పేరు లేదు, వీసీ 11184 అనే నంబరే. 2014లో మొదలై, పైకప్పు ఉన్న డాక్‌లో తయారైంది. 2021 సెప్టెంబర్ 10న ఐఎన్ఎస్ ధ్రువ్ పేరుతో విశాఖలో కమిషన్ అయింది. పొడవు 175 మీటర్లు. ఎగిరే క్షిపణుల్ని చాలా దూరం నుంచి రాడార్లతో వెంబడించి చూడటం దీని పని. అలాంటి ఓడలున్న దేశాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. పనివాళ్లు ఇంటికొచ్చి "ఏం కడుతున్నారు" అంటే "నూటెనభై నాలుగు" అనేవారట. ఎవరూ ఇంకేం అడిగేవారు కాదు.

నిస్తార్ గురించి ఈమధ్య వార్తల్లో చూశాం, ఏమిటది?

లోతు నీళ్లలో డైవర్లని దింపే ఓడ, మునిగిన జలాంతర్గామిలో చిక్కుకున్నవాళ్లని కాపాడే పడవని మోసే తల్లి ఓడ. డైవర్లు 300 మీటర్ల లోతు దాకా పనిచేయగలరు. పొడవు 120 మీటర్ల దగ్గర, బరువు 10,000 టన్నులు పైనే, సామానులో నాలుగింట మూడొంతులు పైగా స్వదేశీ. 2022 సెప్టెంబర్ 22న చెల్లెలు నిపుణ్‌తో కలిసి ఒకే రోజు జలప్రవేశం చేసింది. 2025 జులై 18న విశాఖలో కమిషన్ అయింది.

పేరు పాతదే. సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకున్న తొలి నిస్తార్ 1971లో నౌకాదళంలో చేరింది. ఆ ఏడు డిసెంబర్‌లో విశాఖ బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరికి డైవర్లని దింపింది ఆ ఓడే. అదే సముద్రం ఒడ్డున రెండో నిస్తార్ తయారవడం చూసి పెదనాన్న గారు పేపర్ మడిచి దాచుకున్నారు.

19,000 కోట్ల ఆర్డర్ ఏమిటి? ఎన్నేళ్ల పని?

2023 ఆగస్టు 25న కుదిరిన ఒప్పందం. నేవీకి అయిదు ఫ్లీట్ సపోర్ట్ షిప్‌లు కట్టాలి, దాదాపు 19,000 కోట్లు, ఎనిమిదేళ్ల గడువు. ఒక్కోటి 44,000 టన్నులు. యుద్ధనౌకలు రేవుకి తిరిగి రాకుండా నడిసముద్రంలోనే ఇంధనం, నీళ్లు, తిండి, మందుగుండు అందించే ఓడలివి. 2024 ఏప్రిల్ 10న తొలి ఉక్కు పలక కోశారు. యార్డు చరిత్రలో ఇంత పెద్ద ఆర్డరు లేదు. ఇంకో సంగతి, అయిదూ ఒకే డిజైన్. రెండో ఓడకి వెల్డర్ చెయ్యి తిరుగుతుంది, మూడోదానికి వేగం వస్తుంది. యార్డు గట్టెక్కుతుందా లేదా అని నన్నడిగితే, డబ్బు కంటే ఈ సంగతినే చూడమంటాను.

హుద్‌హుద్‌లో యార్డు బాగా దెబ్బతిందా? క్రేన్ ప్రమాదం ఎప్పుడు?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖని తాకినప్పుడు యార్డుకీ పెద్ద నష్టమే జరిగింది. షెడ్ల రేకులు కొట్టుకుపోయాయి, కోలుకోవడానికి చాలాకాలం పట్టింది.

క్రేన్ ప్రమాదం 2020 ఆగస్టు 1న, శనివారం. కొత్తగా తెచ్చిన 70 టన్నుల క్రేన్‌కి బరువు పరీక్ష చేస్తుండగా కూలిపోయింది. 11 మంది చనిపోయారు. యార్డు ఉద్యోగులూ ఉన్నారు, కాంట్రాక్టు పనివాళ్లూ ఉన్నారు. కరోనా రోజులు కావడంతో చాలామంది చుట్టాలు చివరిచూపుకి కూడా రాలేకపోయారు. ఆ వీడియో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతోంది. మీకొస్తే పంపకండి, ఆ కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి.

## చూడాలనుకుంటే

లోపలికి వెళ్లి చూడొచ్చా? ఫోటోలు తీసుకోవచ్చా?

రక్షణ శాఖ సంస్థ కాబట్టి పాస్ లేకుండా గేటు దాటనివ్వరు. గోడ బయట నుంచి కూడా ఫోన్ ఎత్తకండి, సెక్యూరిటీవాళ్లు ఊరుకోరు. ఇంజనీరింగ్ పిల్లలైతే కాలేజీ ద్వారా పారిశ్రామిక పర్యటనకి అడగొచ్చు, ఐటీఐ వాళ్లకి అప్రెంటిస్ అవకాశాలు వస్తుంటాయి, నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి.

ఊరికే చూడాలంటే యారాడ వెళ్లే ఘాట్ రోడ్డు ఎక్కండి. సాయంత్రం అయిదు దాటాక, ఎండ పడమటికి వాలాక, లోపలి రేవు అంతా కింద పరుచుకుని ఉంటుంది. వరసగా క్రేన్లు, పెద్ద బూడిదరంగు షెడ్డు, దాని ముందు తుప్పురంగు ప్రైమర్ పూసిన ఏదో ఒక ఓడ. గాలి ఇటు తిరిగితే వెల్డింగ్ వాసన రాదు గానీ, షిఫ్ట్ సైరన్ మాత్రం వినిపిస్తుంది.